బెజవాడలో ఒంటరిగా ఒక రోజు ఎలా గడపాలి

బెజవాడను చూద్దామనే బయలుదేరి వచ్చేవారు తక్కువ. అమ్మవారి మొక్కు తీర్చుకోవడానికి వస్తారు, పెళ్లికి వస్తారు, లేదంటే రైలు మారడానికి దిగుతారు. ఆ మూడో రకం వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. తెల్లవారుజామున ఒక రైలు దిగారు, రాత్రి ఇంకో రైలు ఎక్కాలి. మధ్యలో పద్నాలుగు పదిహేను గంటలు చేతిలో ఉన్నాయి. ఊళ్లో తెలిసినవాళ్లు లేరు. వెయిటింగ్ హాల్లో ఫ్యాను కింద చోటు కోసం కాచుకుని కూర్చోవడం కంటే ఊళ్లోకి వెళ్లడం మేలు.

ఒక్క సంగతి ముందే ఒప్పుకోండి. ఇక్కడ ఏది ఎప్పుడు చూడాలో నిర్ణయించేది ఎండ. పొద్దున పది దాకా కొండలు, గుహలు. పదకొండు నుంచి నాలుగు దాకా నెత్తిన కప్పు ఉన్నచోటు. ఆ తర్వాత ఏరు. ఈ వరస తప్పి మధ్యాహ్నం ఒంటిగంటకు రాతి మెట్ల ముందు నిలబడితే, అక్కడికి వచ్చినందుకు మిమ్మల్ని మీరే తిట్టుకుంటారు. నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్యలో వస్తే కొంత సడలింపు ఉంటుంది. రోహిణీ కార్తెలో వస్తే మాత్రం పొద్దున తొమ్మిదికే తలుపులు మూసుకుని, సాయంత్రం అయిదుకు మళ్లీ బయటపడే మనిషిలా ఉండాలి. దసరా నవరాత్రుల్లో, అందులోనూ మూలా నక్షత్రం రోజున, ఊరు చూడాలన్న ఆలోచనే వద్దు. ఆ రోజు ఊరంతా కొండ మీదే ఉంటుంది.

రైలు దిగగానే

సామాను స్టేషన్‌లోని క్లోక్ రూములో పెట్టండి. పెట్టెకు గానీ సంచికి గానీ తాళం ఉండాలి, తాళం లేనిదాన్ని తీసుకోరు. టికెట్టు, గుర్తింపు కార్డు చేతిలో ఉంచుకోండి. వాళ్లిచ్చే రసీదును పర్సులో పెట్టకుండా ఫోనుతో ఫొటో తీసి, అసలుది లోపలి జేబులో పెట్టండి. ఒంటరి ప్రయాణంలో పర్సు పోతే అప్పు అడగడానికి పక్కన మనిషి ఉండడు కాబట్టి, డబ్బు కూడా రెండు చోట్ల ఉండాలి. ఇంటివాళ్ల నంబరు ఒకటి కాగితం మీద రాసుకోండి. ఫోను చార్జింగ్ అయిపోయినప్పుడు మన నంబరు తప్ప ఇంకెవరి నంబరూ గుర్తురాదని చాలామందికి ఆ క్షణం దాకా తెలియదు.

చేతిసంచిలో ఇవి చాలు: నీళ్ల సీసా, ఒక తువ్వాలు, గొడుగు, చిల్లర, పాత చెప్పులు. పాత చెప్పులెందుకో కాసేపట్లో చెబుతాను.

దారి అడగడానికి రెండు మూడు మాటలు. బోర్డు మీద మహాత్మా గాంధీ రోడ్డు అని ఉన్నా నోటిమాటలో అది బందరు రోడ్డే. పండిట్ నెహ్రూ బస్ స్టేషన్ అనక్కర్లేదు, బస్టాండు అంటే చాలు. స్టేషన్‌కు రెండు వైపులా దారులున్నాయి, ఏ వైపు నుంచి బయటికి వచ్చారో గుర్తుపెట్టుకోండి. ఇంకొకటి, ఈ ఊరి మధ్యలోంచి బందరు కాలవ, ఏలూరు కాలవ, రైవస్ కాలవ అని మూడు కాలవలు పోతాయి. ఎవరైనా "కాలవ పక్కనేనండీ" అని దారి చెబితే, ఏ కాలవ అని తప్పకుండా అడగండి. అడగకుండా నడిచిన పాపానికి నేను రెండు కిలోమీటర్లు వెనక్కి వచ్చాను.

తెల్లవారుజామున కొండ

భక్తి ఉన్నా లేకపోయినా రోజును ఇంద్రకీలాద్రితోనే మొదలుపెట్టండి. అర్జునుడు తపస్సు చేసి పాశుపతం సంపాదించింది ఈ కొండ మీదేనని నమ్మకం. కనకదుర్గ గుడి, పక్కనే మల్లేశ్వరస్వామి గుడి. స్టేషన్ నుంచి రెండు కిలోమీటర్లు ఉంటుంది. పైకి వెళ్లడానికి మెట్ల దారి ఉంది, ఘాట్ రోడ్డు ఉంది, మహామండపం వైపు లిఫ్టులున్నాయి. మోకాళ్లు బాగుంటే మెట్లెక్కండి. వానాకాలంలో కొండచరియలు జారతాయని ఘాట్ రోడ్డును అప్పుడప్పుడు మూసేస్తారు, కింద అడిగి తెలుసుకోండి. శుక్రవారం, ఆదివారం రద్దీ ఎక్కువ.

ఇక చెప్పుల కథ. నలుగురితో వస్తే ఒకరు బయట కూర్చుని చెప్పులు, ఫోన్లు, సంచులు చూస్తారు. ఒంటరివాడికి ఆ సదుపాయం లేదు. గుడిలోకి ఫోను తీసుకెళ్లనివ్వరు, దానికీ చెప్పులకూ వేరువేరు కౌంటర్లు ఉంటాయి. మొదటిసారి వచ్చినప్పుడు నేను తెలివి ఉపయోగించాననుకుని, మెట్ల మొదట్లో కొబ్బరికాయ కొన్నచోటే చెప్పులు వదిలాను. "ఏం భయం లేదు బాబూ, ఇక్కడే ఉంటాయి" అంది కొట్టు పెద్దావిడ. ఉన్నాయి కూడా. దర్శనం అయ్యాక జనం ఎటు తోస్తే అటు నడిచి, ఘాట్ రోడ్డు వైపు దిగిపోయింది నేనే. నా చెప్పులు కొండకు అవతలి పక్కన ఉండిపోయాయి. అప్పటికి ఎనిమిదిన్నర, తారు రోడ్డు కాలడం మొదలుపెట్టింది. నీడ ఉన్నచోటల్లా ఆగుతూ, గోడ పక్కనే కుంటుతూ నడుస్తుంటే ఒకాయన మొక్కు అనుకుని నాకు దారి ఇచ్చాడు. కాబట్టి ఏ దారిన ఎక్కారో ఆ దారినే దిగండి. ఫోను కౌంటరు, చెప్పుల స్టాండు రెండూ ఆ దారిలోనే ఉండేలా చూసుకోండి. టోకెన్లు రెండూ ఒకే జేబులో వేయండి. పోయినా దిగులు లేని చెప్పులు వేసుకుని రమ్మన్నది ఇందుకే.

బట్టల విషయంలో గుడి పద్ధతి పాటించండి, నిక్కరుతో వెళ్లి వెనక్కి తిరిగి రావలసిన అవసరం తెచ్చుకోవద్దు. దర్శనం అయ్యాక వెంటనే దిగకండి. నది వైపు తిరిగి ఒక పది నిమిషాలు నిలబడండి. కొండ కాళ్ల దగ్గరే బ్యారేజీ మొదలవుతుంది. ఎగువన నీళ్లు నిండు చెరువులా కదలకుండా ఉంటాయి. దిగువన, వరదలు లేని రోజుల్లో, ఇసుకమేటలు, రాళ్లు, వాటి మధ్య సన్నటి పాయలు. ఆవల రైలు వంతెన. సాయంత్రం మీరు నడవబోయే చోటంతా ఇక్కడి నుంచి ఒక్క చూపులో కనిపిస్తుంది.

దిగాక కడుపు సంగతి. వన్‌టౌన్ వైపు ఇడ్లీ బండ్లు ఎన్నో ఉంటాయి, పొగ వస్తున్న బండి దగ్గర తినండి. గాంధీనగర్ దాకా వెళ్లే ఓపిక ఉంటే బాబాయ్ హోటల్లో వెన్న వేసిన ఇడ్లీ. ఇలాంటి చోట్ల బల్ల మొత్తం మీదే అనుకోకండి. ఎదుట కుర్చీ ఖాళీగా ఉంటే ఎవరో వచ్చి కూర్చుంటారు, అల్లం పచ్చడి గిన్నె ఇటు జరపమంటారు. ఒంటరి ప్రయాణికుడికి ఊళ్లో మొదటి పరిచయం సాధారణంగా ఆ గిన్నె మీదుగానే అవుతుంది. ఉండవల్లికి ఎటు నుంచి వెళ్లాలో, ఆటోకు ఎంత ఇవ్వాలో అప్పుడే అడిగేయండి.

ఎండ ముదరకముందే ఉండవల్లి

రోజంతటిలో ఒక్కటే చూడాలంటే నేను ఉండవల్లి అంటాను. బ్యారేజీ దాటి, గుంటూరు జిల్లా వైపు, ఏడెనిమిది కిలోమీటర్లు. షేర్ ఆటోలు దొరుకుతాయి, బస్సులూ ఉన్నాయి. కానీ తిరుగు ప్రయాణంలో ఎండలో నిలబడి ఎదురుచూడటం ఇష్టం లేకపోతే, వెళ్లి రావడానికి కలిపి ఆటో మాట్లాడుకోవడం సుఖం. బేరం ఎక్కకముందే పూర్తి కావాలి, అందులో ఆగే సమయం కూడా ఉండాలి.

"అన్నా, ఉండవల్లి గుహలకు వెళ్లి రావాలి. అక్కడ గంటన్నర ఆగాలి. తిరిగి బందరు రోడ్డులో దింపాలి. మొత్తం కలిపి చెప్పు."

"ఒక్కరేనా సార్?"

"ఒక్కడినే."

ఈ ప్రశ్న దగ్గర తడబడకండి. ఒక్కరే అనగానే ధర పెంచేవారు ఉంటారు, దారిలో ఇంకొకరిని ఎక్కించుకోవచ్చనుకునేవారూ ఉంటారు. ముగ్గురిని అడిగి మధ్య మాట పట్టుకోండి. యాప్‌లో ఎంత చూపిస్తోందో ఒకసారి చూసుకుంటే బేరానికి ఒక ఆధారం ఉంటుంది. ఎక్కేముందు ఆటో నంబరు ఫొటో తీసి ఇంటికి పంపండి. డ్రైవరు చూస్తుండగానే పంపండి, తప్పేమీ లేదు. డబ్బు మొత్తం ముందే ఇవ్వకండి.

ఆటో బ్యారేజీ ఎక్కుతుంది. లారీలను దీని మీదికి రానివ్వరు కాబట్టి నెమ్మదిగా, గాలి తగులుతూ దాటవచ్చు. ఇక్కడ మొదట ఆనకట్ట 1855 నాటికి పూర్తయింది. కృష్ణా డెల్టా పచ్చబడింది దాని పుణ్యమే. ఇప్పుడు మీరు దాటుతున్న ప్రకాశం బ్యారేజీ 1957లో వచ్చింది. పొడవు 1,223 మీటర్లు, గేట్లు 70. టంగుటూరి ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు.

ఉండవల్లి గుహలు దూరం నుంచి చూస్తే గుహల్లా ఉండవు. కొండ ముఖాన్ని చెక్కి నాలుగంతస్తుల మేడ కట్టినట్టు ఉంటుంది. కట్టలేదు, తొలిచారు. క్రీస్తుశకం 4, 5 శతాబ్దాల నాటి పని అంటారు. కింది అంతస్తులో స్తంభాలు కొన్ని అరకొరగా ఉండిపోయాయి. అక్కడ ఆగి చూడండి. ఉలి ఎక్కడిదాకా వచ్చి ఆగిందో రాయి మీద ఇంకా తెలుస్తుంది. చేత్తో తడమకండి గానీ, కళ్లతో ఎంతసేపు తడిమినా ఎవరూ ఏమీ అనరు.

పైన ఒక అంతస్తులో, చీకటి గదిలో అనంతపద్మనాభస్వామి శయనించి ఉంటాడు. ఒకే రాయి, 5 మీటర్లకు పైన పొడవు. బయటి వెలుగులోంచి లోపలికి అడుగు పెట్టగానే ఏమీ కనిపించదు. చాలామంది ఆ క్షణంలోనే ఫోను లైటు వేసి, ఒక ఫొటో తీసి, బయటికి వచ్చేస్తారు. మీరు అలా చేయకండి, మిమ్మల్ని తొందరపెట్టేవారు ఎవరూ లేరు కదా. రెండు నిమిషాలు ఊరికే నిలబడితే ముందు పాదాలు కనిపిస్తాయి, తర్వాత మోకాలి వంపు, ఆ తర్వాత ఛాతీ. మొత్తం మూర్తి ఒక్కసారిగా చూపుకు అందదు. పాదాల నుంచి శిరస్సు దాకా పక్కనే నడుస్తూ చూడాలి. బయటికి వచ్చాక వసారా అంచున వరసగా కూర్చున్న రాతి మునుల పక్కన నిలబడి, వాళ్లు చూస్తున్న వైపే చూడండి. పొలాలు, చెట్లు, ఆ వెనక కొత్తగా లేస్తున్న కట్టడాలు.

జనం పలచబడ్డాక, సాయంత్రం చీకటి పడే వేళ, ఇక్కడ ఒంటరిగా ఉండిపోవద్దు. పొద్దున వెళ్లమన్నది ఎండ గురించే కాదు, ఇందుకు కూడా. పదిన్నరకు ఆటో ఎక్కేయండి. పక్కనే మంగళగిరి కదా, పానకాలస్వామిని కూడా చూసేద్దామని డ్రైవరు ఆశ పెట్టవచ్చు. మంచి చోటే, కానీ అక్కడికి పోతే మధ్యాహ్నం భోజనం మూడింటికి జారుతుంది. ఇంకోసారి చూడండి.

నడిమధ్యాహ్నం

ముందు బందరు రోడ్డులోని బాపు మ్యూజియం. ఒకప్పటి విక్టోరియా జూబిలీ మ్యూజియం ఇదే. 1921లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశాలు జరిగినప్పుడు పింగళి వెంకయ్య తన జెండా నమూనాను గాంధీజీకి చూపించింది ఇక్కడే. అల్లూరు నుంచి తెచ్చిన పాలరాతి రంగు బుద్ధుడి దగ్గర కాసేపు ఆగండి. వారానికి ఒక రోజు సెలవు ఉంటుంది, అది మీ రోజే కాకుండా ముందే చూసుకోండి. అదే రోడ్డు మీద స్వరాజ్య మైదానంలో అంబేద్కర్ విగ్రహం ఉంది. పీఠం 81 అడుగులు, విగ్రహం 125, కలిపి 206 అడుగులు. 2024 జనవరిలో ఆవిష్కరించారు. మధ్యాహ్నం దూరం నుంచే చూసి, దగ్గరికి సాయంత్రం వెళ్లండి.

భోజనానికి గవర్నర్‌పేట, గాంధీనగర్ వైపు ఏ పాత మెస్సుకైనా వెళ్లవచ్చు. ఒంటరిగా వెళ్లినప్పుడు బిర్యానీ కంటే విస్తరి భోజనం నయం, ఒక్కరికి సరిపడా అన్నీ వస్తాయి. వడ్డించేవాడి వేగం చూసి కంగారు పడకండి. అతను కందిపొడి వేసి, వెనక్కి తిరిగి, నెయ్యి గిన్నెతో మళ్లీ మీ దగ్గరికి వచ్చేలోపు అన్నంలో గుంట చేసి ఉంచాలి. లేకపోతే నెయ్యి పొడి మీద పడి పక్కకు జారిపోతుంది. గోంగూర మొదట్లోనే అంతా కలిపేయకండి, పప్పులోకి కొంత దాచండి. కారం మీకు అలవాటు లేకపోతే ముందే చెప్పవద్దు, చెబితే నవ్వుతారు. మజ్జిగ గ్లాసు దగ్గర పెట్టుకుని తినండి. పెరుగన్నం దాకా రాకుండా లేస్తే వడ్డించేవాడు నొచ్చుకుంటాడు.

తర్వాత రెండు గంటలు ఏం చేయాలన్నదే అసలు చిక్కు. గది లేదు, నిద్ర వస్తోంది, బయట ఎండ. నా ఉపాయం మాట్నీ. గాంధీనగర్ చుట్టుపక్కల సినిమా హాళ్లకు కొదవలేదు, ఒక్క టికెట్టు ఎప్పుడూ దొరుకుతుంది. సినిమా బాగుంటే చూడండి, బాగోకపోతే నిద్రపోండి. చల్లటి గదికి రెండున్నర గంటల అద్దె అనుకుంటే టికెట్టు చవకే. చేతిసంచి పట్టీని మాత్రం కాలికి చుట్టుకుని పడుకోండి.

నాలుగు దాటాక

పుస్తకాల మీద ఇష్టముంటే ఏలూరు రోడ్డుకు వెళ్లండి. తెలుగు ప్రచురణకు ఈ ఊరు పెద్ద దిక్కు. దుకాణాల్లో అలమరాల మధ్య నిలబడి చదువుతుంటే కసురుకునేవారు తక్కువ. పుస్తకాలు అక్కర్లేకపోతే బీసెంట్ రోడ్డులో నడవండి. అక్కడ చూడవలసింది సరుకు కంటే బేరమాడే ఆడవాళ్లను. ఇంటికి ఏదైనా తీసుకెళ్లాలంటే కొండపల్లి బొమ్మలు. తెల్లపొణికి కర్రతో చేస్తారు, చేతిలో పెట్టుకుంటే బరువే తెలియదు. బరువుగా ఉందంటే అనుమానించండి. తాటిచెట్టు, ఎడ్లబండి లాంటి సన్నటి కొసలున్న బొమ్మలు ప్రయాణంలో విరుగుతాయి. దశావతారాల్లో ఏదో ఒక బొమ్మ, గట్టి పెట్టెలో పెట్టించి తీసుకోండి.

అయిదున్నరకు బ్యారేజీ చేరండి. పక్కన నడవడానికి దారి ఉంది. సీతానగరం కొస దాకా వెళ్లక్కర్లేదు, సగం దూరం నడిచి వెనక్కి తిరిగితే దుర్గ గుడి దీపాలు ఒక్కొక్కటీ వెలుగుతూ కనిపిస్తాయి. ఎగువ వైపు రెయిలింగ్ పట్టుకుని కాసేపు నిలబడండి. ఫోను రెయిలింగ్ అవతలికి చాచి ఫొటో తీయకండి.

స్నానం చేయాలనిపిస్తే ఘాట్‌లో, నలుగురు ఉన్నచోట, మెట్ల మీదే. బట్టలు, డబ్బు ఒడ్డున చూసే మనిషి లేనప్పుడు నెత్తిన నీళ్లు చల్లుకుని వచ్చేయడం తెలివైన పని. ఈ నదిని తక్కువగా చూడవద్దు. 2024 సెప్టెంబరు వరదలో బ్యారేజీ మీదుగా 11.43 లక్షల క్యూసెక్కులు పోయాయి, కొట్టుకొచ్చిన పడవలు గేట్లను గుద్దాయి. భవానీ ద్వీపానికి పడవలు కూడా నది ఉరవడి మీద ఉన్న రోజుల్లో ఆపేస్తారు. ఒంటరిగా వచ్చినవాళ్లకు ఆ ద్వీపం అంత రక్తి కట్టదని నా అభిప్రాయం. అది పిల్లలతో వచ్చేవాళ్ల చోటు. దానికి బదులు స్టేషన్ పక్కనే ఉన్న గాంధీ కొండ ఎక్కవచ్చు. 1968లో ప్రారంభించిన 52 అడుగుల స్తూపం, కింద ఊరంతా దీపాలు. వేళ మించితే పైకి పంపరు, వెలుతురు ఉండగానే ఎక్కండి.

ఒంటరిగా వచ్చిన ఆడవాళ్లకు ఒక మాట. బ్యారేజీ మీద, గుడి దగ్గర, బీసెంట్ రోడ్డులో రాత్రి ఎనిమిదిన్నర దాకా కుటుంబాలతో సందడిగా ఉంటుంది. ఘాట్ల చివర్లు, కాలవ గట్లు మాత్రం చీకటి పడ్డాక వద్దు. ఎవరైనా వెంటబడి మాట కలిపితే, దగ్గరలో ఉన్న ఏ పిన్నిగారి పక్కనో నిలబడి "అండీ, బస్టాండుకు ఎటు వెళ్లాలి?" అని అడగండి. ఆవిడ దారి చెప్పడంతో ఆగదు, ఆటో ఎక్కించి డ్రైవరుకు రెండు జాగ్రత్తలు కూడా చెబుతుంది.

రాత్రికి భారీగా తినకండి. బండి దగ్గర వేడివేడి పునుగులు ఒక ప్లేటు, అల్లం పచ్చడితో. వాయి దిగేదాకా ఆగి తీసుకోండి, ముందే వేసి పక్కన పోసినవి వద్దు.

మళ్లీ స్టేషన్

రైలుకు గంట ముందు చేరండి. పది ప్లాట్‌ఫారాలున్న స్టేషన్ ఇది, క్లోక్ రూము దగ్గర వరస ఉండవచ్చు, ప్లాట్‌ఫారం నంబరు చివరి నిమిషంలో మారవచ్చు. నీళ్ల సీసా నింపుకోండి.

హైదరాబాదుకు కాజీపేట మీదుగా పోయే రైలు, విశాఖ వైపు వెళ్లే రైలు నదిని దాటవు. తెనాలి, గుంటూరు వైపు వెళ్లే రైలైతే మాత్రం కదిలిన కాసేపటికే వంతెన ఎక్కుతుంది. రైలు వెళ్లే దిక్కుకు కుడివైపు కిటికీ దగ్గరికి వెళ్లండి. బ్యారేజీ దీపాలు, వాటికి కుడి కొసన దుర్గ గుడి కొండ, అన్నీ ఆ వైపే. బోగీలో ఎవరో ఒకరు రూపాయి బిళ్ల తీసి కళ్లకు అద్దుకుని నదిలోకి విసురుతారు. పొద్దున సంచిలో వేసుకున్న చిల్లర ఏమైనా మిగిలిందేమో చూసుకోండి.